చెరువు గట్టున ప్లగ్గు ఉండదు: ఆరుబయట డ్రోన్ బ్యాటరీల ఛార్జింగ్ లెక్క

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. బెంగళూరులో తెల్లవారుజామున బయలుదేరి, ఆ పలకల వరసల మీద థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్‌ను ఎగరేసి లోపాలు వెతికే పనికి వెళ్లినవారికి మొదట ఎదురయ్యే వింత ఒకటుంది. ఇన్ని మెగావాట్లు పుట్టే నేల మీద, చేతిలోని చిన్న బ్యాటరీని తగిలించుకోవడానికి కనుచూపు మేరలో ఒక్క ప్లగ్గు దొరకదు. ఇలాంటి పార్కుల్లో పలకల వరసల గుండా పారేది వెయ్యి, పదిహేను వందల వోల్టుల దాకా పోయే డైరెక్ట్ కరెంటు. అది ఇన్వర్టర్లకూ, ట్రాన్స్‌ఫార్మర్లకూ, అక్కణ్నుంచి గ్రిడ్డుకూ పోతుందే తప్ప మధ్యలో ఎవరి ఛార్జర్ కోసమూ ఆగదు. ఏటి ఒడ్డున నిలబడి దాహంతో ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

నగరంలోనే ఎగరేసుకునే వీలుంటే ఈ చిక్కు చాలామందికి ఎదురయ్యేదే కాదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడగొట్టాయి. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 12 కిలోమీటర్ల వరకు ఏదో ఒక రకమైన ఆంక్ష ఉంటుంది. దేవనహళ్లి అంతర్జాతీయ విమానాశ్రయం, హెచ్ఏఎల్ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం, జక్కూరు ఏరోడ్రోమ్ చుట్టూ ఈ వలయాలు గీసి చూస్తే బెంగళూరులో స్వేచ్ఛగా మిగిలేది కొంచెమే. అందుకే మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డులోనో కాపురం ఉంటూ డ్రోన్ సర్వేలు చేసే మన తెలుగువాళ్లు పని కోసమైనా సాధన కోసమైనా చిక్కబళ్లాపురం, కోలారు, పావగడ వైపు, సరిహద్దు దాటి హిందూపురం వైపు కార్లేసుకుని పోతుంటారు. అక్కడ ఆకాశం దొరుకుతుంది, కరెంటు దొరకదు.

ఈ సమస్య గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న, "ఏ పవర్ బ్యాంకు కొనాలి?" లేదా "ఎన్ని వాట్ల సోలార్ పలక సరిపోతుంది?" అని. ప్రశ్న తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ముందు తేల్చుకోవలసింది ఆ రోజు మొత్తం ఎంత శక్తి ఖర్చవుతుంది, అందులో ఎంత ఇంటి నుంచే నింపి తెచ్చుకోగలం, మిగిలిన లోటును ఎంతసేపట్లో పూడ్చాలి అనే మూడు విషయాలు. ఈ లెక్క కుదిరితే పరికరం ఏదో దానంతటదే తేలుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన పరికరం కొన్నా గట్టు మీద కూర్చుని మినుకు మినుకుమనే లైట్లను చూస్తూ మధ్యాహ్నం గడపాల్సి వస్తుంది.

బిందె ఎంత, ధార ఎంత

బ్యాటరీల మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసే అంకె మిల్లీ ఆంపియర్-అవర్లలో ఉంటుంది. ఒకే వోల్టేజి ఉన్న రెండు బ్యాటరీలను పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, వేర్వేరు వోల్టేజిలున్న వాటికి పనికిరాదు. పోల్చదగినది వాట్-అవర్: ఆంపియర్-అవర్లను వోల్టులతో గుణిస్తే వచ్చేది. మన ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు కనుక ఈ కొలత మనకు కొత్తదేమీ కాదు. డీజేఐ మినీ 3 లాంటి చిన్న డ్రోన్ మామూలు బ్యాటరీ 18.1 వాట్-అవర్లు, అదే కంపెనీ చేసిన, అంతకంటే పెద్దదైన మావిక్ 3 డ్రోన్ బ్యాటరీ 77 వాట్-అవర్లు, పురుగుమందు చల్లే పది లీటర్ల డ్రోన్లలో సాధారణంగా కనిపించే 22.2 వోల్టుల, 16,000 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కొక్కటి సుమారు 355, అవి జతగా పనిచేస్తాయి కాబట్టి ఒక సెట్టుకు 710. (2022 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, కొన్ని మినహాయింపులున్నాయి. అయినా మునుపే వచ్చినవి ఇప్పటికీ ఎగురుతున్నాయి కనుక, వాటి అంకెలు చాలామందికి తెలిసినవి కనుక ఉదాహరణకు తీసుకున్నాను. లెక్క ఏ బ్యాటరీకైనా ఒక్కటే.)

ఇదే కొలతతో పవర్ బ్యాంకును చూస్తే దాని మీది అట్టహాసం కాస్త తగ్గుతుంది. 20,000 అని రాసి ఉండే పవర్ బ్యాంకులో ఆ అంకె లోపలి సెల్ వోల్టేజి అయిన 3.7 దగ్గర లెక్కగట్టినది, అంటే 74 వాట్-అవర్లు. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో 5 వోల్టుల దగ్గర ఇచ్చే నికరమైన అంకె ఇంకా చిన్నదిగా ఉంటుంది, నమ్మవలసింది దానినే. వోల్టేజి మార్పిడిలో పోయేది పోగా దాంతో మినీ బ్యాటరీలు మూడు నిండుతాయి, మావిక్ బ్యాటరీ ఒక్కటి కూడా పూర్తిగా నిండదు.

శక్తి పరిమాణం బిందె అనుకుంటే, వాట్లు కుళాయి ధార. బిందె ఎంత పెద్దదైనా ధార సన్నగా ఉంటే క్యూలో నిలబడక తప్పదు. పైన చెప్పిన 77 వాట్-అవర్ల బ్యాటరీ 65 వాట్ల ఛార్జర్‌తో ఖాళీ నుంచి నిండడానికి సుమారు 96 నిమిషాలు పడుతుందని తయారీదారే చెబుతాడు. 77ను 65తో భాగిస్తే 71 నిమిషాలే రావాలి కదా అన్న సందేహం సహజం. ఆ మిగిలిన పాతిక నిమిషాలు ఎక్కడికి పోయాయన్నదే లిథియం బ్యాటరీల ఛార్జింగ్‌లోని అసలు సంగతి.

లిథియం సెల్లును రెండు దశల్లో నింపుతారు. మొదటి దశలో కరెంటును స్థిరంగా ఉంచుతారు, సెల్ వోల్టేజి మెల్లగా పెరుగుతూ పోతుంది. మామూలు లిథియం పాలిమర్ సెల్లు 4.2 వోల్టులకు చేరగానే రెండో దశ మొదలవుతుంది. ఇక వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి, సెల్లు తీసుకోగలిగినంత కరెంటునే ఇస్తారు, అది క్షణక్షణానికీ సన్నగిల్లుతూ చివరికి బొట్లు బొట్లుగా మారుతుంది. బిందె మూతి దాకా వచ్చినప్పుడు నీళ్లు పొర్లకుండా కుళాయి తిప్పేసినట్టు. అందువల్ల ఆఖరి పది, పదిహేను శాతం నింపడానికి పట్టే సమయం, ఆ శాతంతో దొరికే నాలుగు నిమిషాల ఎగురుడుకు ఏమాత్రం తగినది కాదు. ఇంట్లో రాత్రిపూట ఛార్జింగ్ పెట్టేటప్పుడు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు గాని, గట్టు మీద 85 శాతం దగ్గర ఒక బ్యాటరీని తీసేసి తర్వాతిదాన్ని తగిలించడం చాలా సందర్భాల్లో మెరుగైన నిర్ణయం. వంద శాతం చూస్తే తప్ప మనసుకు నెమ్మది ఉండనివాళ్లు ఒక పూటలో ఒకసారి తక్కువ ఎగరేస్తారు.

కాబట్టి ఒకటే ఛార్జర్ ఉండి, ఒక బ్యాటరీ వాస్తవంగా అరగంట ఎగిరిస్తే, అది మళ్లీ సిద్ధం కావడానికి గంటకు పైగా పడుతుంది. అంటే ఎంత పెద్ద విద్యుత్ నిల్వ పక్కన పెట్టుకున్నా, 65 వాట్ల ధార ఆ డ్రోన్‌ను గంటలో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు మించి గాల్లో ఉంచలేదు. పెద్ద పెట్టె కొనుక్కున్నాక కూడా ఎందుకు ఆలస్యమవుతోందని అడిగేవారు మరిచేది ఈ విషయాన్నే.

కారు నుంచి తీసుకోవడం

కారులో 12 వోల్టుల సాకెట్టు అందరికీ అందుబాటులో ఉన్న మొదటి వనరు. దాని ఫ్యూజు చాలా కార్లలో 10 నుంచి 15 ఆంపియర్లు కనుక 120 నుంచి 180 వాట్ల దాకా తీసుకోవచ్చు, ఒకటి లేదా రెండు చిన్న ఛార్జర్లకు అది చాలు. చిక్కంతా ఇంజను ఆపి వాడినప్పుడే. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద 420 వాట్-అవర్లు. కాని అది ఇంజను తిప్పడానికి కొన్ని క్షణాల పాటు భారీ కరెంటు ఇచ్చేందుకు కట్టిన బ్యాటరీ, గంటల తరబడి కొద్దికొద్దిగా ఖాళీ అవడానికి కట్టినది కాదు. సగం ఖాళీ చేస్తే ఆ రోజుకు స్టార్టు కాకపోవచ్చు, నాలుగుసార్లు అలా చేస్తే బ్యాటరీయే పాడైపోవచ్చు.

ఈ మాట పుస్తకం చదివి చెప్పడం లేదు. పావగడ దగ్గర ఒక చెరువు పూడిక సర్వేకు వెళ్లినప్పుడు, తాళంచెవి ఒక మెట్టు తిప్పి ఉంచి, ఆరు ఆంపియర్ల చొప్పున మూడు గంటలు లాగాను. పద్దెనిమిది ఆంపియర్-అవర్లే కదా అనుకున్నాను గాని కారు బ్యాటరీకి అప్పటికే మూడేళ్లు నిండాయి. బయలుదేరబోతే టిక్కు టిక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టు కింద చేను దున్నుతున్న పెద్దాయన ట్రాక్టరు తెచ్చి పక్కన నిలబెట్టి, జంపర్ కేబుళ్లు తగిలిస్తూ, "ఏం సామీ, కారు కరెంటంతా ఆ తూనీగకే పోస్తిరా?" అన్నాడు. పావగడ తెలుగులో అంతకంటే కచ్చితమైన సాంకేతిక నివేదిక ఉండదు.

ఇంజను నడుస్తున్నప్పుడు అది తిప్పే ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం) ఈ భారాన్ని సునాయాసంగా మోస్తుంది. అయితే ఛార్జింగ్ కోసమే కారును నిలబెట్టి ఇంజను తిప్పడం వృథా. నిలబడి నడిచే చిన్న పెట్రోలు ఇంజను గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటే మనం బ్యాటరీలోకి ఎక్కించేది అందులో నూరో వంతు. అదే కారు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతున్నప్పుడు ఎక్కించుకున్న కరెంటు ఇంచుమించు ఉచితం. రెండు మూడు చోట్ల పనిని ఒకే రోజున పెట్టుకునేవారు ప్రయాణాన్నే ఛార్జింగ్ సమయంగా లెక్కవేసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

బెంగళూరు రోడ్ల మీద విద్యుత్ కార్లు పెరిగాక ఇంకో దారి తెరుచుకుంది. కారు బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు మామూలు 230 వోల్టుల కరెంటు ఇచ్చే సదుపాయం కొన్నిటిలో ఉంది; టాటా నెక్సాన్ ఈవీలో అది 3.3 కేవీఏ దాకా ఉంటుంది. ముప్పై, నలభై యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు డ్రోన్ పని అరయూనిట్ ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. తిరుగు ప్రయాణానికి సరిపోయేంత మిగుల్చుకోవడం మాత్రం ఎవరికి వారు చూసుకోవాలి.

పెట్టె, తీగ, నష్టం

కారుతో సంబంధం లేకుండా ఉండాలంటే విడిగా ఒక విద్యుత్ నిల్వ కావాలి. ఇక్కడ మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఇన్వర్టర్ బ్యాటరీ ముందు గుర్తుకొస్తుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అంటే 1,800 వాట్-అవర్లు, వినడానికి బాగుంది. కాని ఆ సామర్థ్యాన్ని ఇరవై గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేదిగా కొలుస్తారు, వేగంగా లాగితే తగ్గుతుంది. ఆయుష్షు నిలవాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు. పైగా యాభై కిలోలకు పైబడిన బరువు. దాన్ని చెరువు గట్టెక్కించిన తర్వాత డ్రోన్ ఎగరేయడానికి ఓపిక మిగలదు. అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 1,280 వాట్-అవర్లతో పది, పన్నెండు కిలోల్లో దొరుకుతుంది, అందులో అధిక భాగాన్ని నిర్భయంగా వాడుకోవచ్చు, రెండు వేలకు పైగా ఛార్జింగ్ చక్రాలు తట్టుకుంటుంది. ఈ పని కోసం ఒక్కటే కొనాలంటే నేను దీన్నే కొంటాను.

అయితే ఆ పెట్టెలోంచి కరెంటును ఎలా తీస్తామన్నది కూడా ముఖ్యమే. బజారులో దొరికే పవర్ స్టేషన్లలో గోడ ప్లగ్గు లాంటిది ఒకటి ఉంటుంది కనుక, ఇంటి నుంచి తెచ్చిన ఛార్జర్‌ను అందులో గుచ్చేయడం అందరికీ అలవాటు. అప్పుడు జరిగేదేమిటంటే, పెట్టెలోని డైరెక్ట్ కరెంటును ఇన్వర్టర్ 230 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటుగా మారుస్తుంది, ఛార్జర్ దాన్ని మళ్లీ డైరెక్ట్ కరెంటుగా మారుస్తుంది. ప్రతి మలుపులోనూ పది, పదిహేను శాతం వేడిగా పోతుంది, వంద వాట్-అవర్లు బయలుదేరితే డెబ్బై ఐదో ఎనభయ్యో చేరతాయి. ఛార్జింగ్ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్ పది వాట్లకు తక్కువ కాకుండా తింటూనే ఉంటుంది. 12 వోల్టుల నుంచి నేరుగా పనిచేసే ఛార్జర్ వాడితే ఒక్క మలుపే, తొంభై దాకా చేరతాయి. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జయ్యే డ్రోన్లకు పెట్టె మీది ఆ పోర్టు వాడడమే మేలు, కాని తీగ చూసుకోవాలి: మామూలు తీగ 3 ఆంపియర్లకే పరిమితం కనుక 20 వోల్టుల దగ్గర 60 వాట్లకు మించి రాదు, వంద వాట్లు కావాలంటే 5 ఆంపియర్లు మోసే, లోపల గుర్తింపు చిప్పు ఉన్న తీగే కావాలి. వేలు పోసి పెట్టె కొని, వంద రూపాయల తీగ దగ్గర ఆగిపోయినవారిని చూశాను.

12 వోల్టులతో ఆడేటప్పుడు తీగ లావు అంతకంటే ముఖ్యం. వోల్టేజి తక్కువైనకొద్దీ అదే శక్తికి కరెంటు పెరుగుతుంది. 200 వాట్లు కావాలంటే పదిహేడు ఆంపియర్లు పారాలి. మా జట్టులోని కుర్రాడు ఎస్పీ రోడ్డులో కొన్న మొసలి క్లిప్పులకు ఇంట్లో పడి ఉన్న సన్నటి స్పీకరు తీగ అతికించి తెచ్చాడు. పది నిమిషాల్లో తీగ తొడుగు మెత్తబడి వేలికి అంటుకుంది, ఛార్జర్ మాత్రం తనకు చాలినంత వోల్టేజి రావడం లేదని కూత పెడుతూ కూర్చుంది. పోయిన శక్తి అంతా ఆ తీగను కాచడానికే సరిపోయింది. లావైన సిలికాన్ తీగ, ఎక్స్‌టీ60 లాంటి గట్టి కనెక్టర్, బ్యాటరీ మొదట్లోనే ఒక ఫ్యూజు: ఈ మూడూ పెట్టాక ఆ బాధ మళ్లీ రాలేదు.

విడి లిథియం పాలిమర్ ప్యాకులు వాడేవారు సమయం ఆదా కోసం నాలుగైదింటిని ఒకే ఛార్జింగ్ బోర్డు మీద సమాంతరంగా కలిపి నింపుతారు. సగం ఖాళీ అయినదాన్నీ నిండుగా ఉన్నదాన్నీ పక్కపక్కన కలిపితే ఛార్జర్ ప్రమేయం లేకుండానే ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి భారీ కరెంటు దూకుతుంది. సెల్లుకు పదో వంతు వోల్టు తేడా కూడా లేదని మీటరుతో చూసుకున్నాకే కలపాలి.

ఎండను నమ్ముకోవడం

సోలార్ పలక మీద అందరికీ ఉన్న ప్రేమను అర్థం చేసుకోగలను. నెత్తిన మండే ఎండ ఉండగా దాన్నే వాడుకోకపోవడం తప్పన్నట్టు అనిపిస్తుంది. కాని వంద వాట్లని రాసి ఉన్న మడత పలక, చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండ పడుతూ, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఇచ్చేది వంద వాట్లు. ఆ రెండూ ఒకేసారి మన ప్రాంతంలో కుదరవు. మిట్టమధ్యాహ్నం పలక 60 డిగ్రీలకు చేరుతుంది, సిలికాన్ సెల్లు ప్రతి డిగ్రీకీ తన శక్తిలో 0.4 శాతం దాకా కోల్పోతుంది కనుక అక్కడే పన్నెండు నుంచి పద్నాలుగు వాట్లు పోతాయి. దుమ్ము, వాలు, తీగ, మార్పిడి కలుపుకుంటే డెబ్బై వాట్లు వస్తే మంచి పలక కొన్నట్టే. బెంగళూరు చుట్టుపక్కల ఏడాది సగటున రోజుకు అయిదు గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుతురు ఉంటుంది. ఆ లెక్కన వంద వాట్ల పలక రోజంతా కష్టపడితే 350 వాట్-అవర్లు, అంటే మావిక్ తరహా బ్యాటరీలు నాలుగు.

పలకను ఎటు తిప్పాలన్నది కూడా కాలాన్ని బట్టి ఉంటుంది. బెంగళూరు అక్షాంశం దాదాపు 13 డిగ్రీలు కాబట్టి ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా నాటిన కర్రకు నీడ ఉండదు. నగరంలో దాన్ని శూన్యఛాయా దినంగా పిల్లలకు చూపిస్తారు. ఆ రోజుల్లో పలకను నేల మీద బల్లపరుపుగా పరిచినా మధ్యాహ్నం ఏమీ నష్టం లేదు. డిసెంబరులో అదే సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తి నుంచి 36 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు; పరిచి ఉంచిన పలక అప్పుడు ఐదో వంతు పోగొట్టుకుంటుంది, వెనకవైపు రాళ్లు పెట్టి దక్షిణానికి లేపుకోవాలి. పలక మూల మీద పడే చేతి సంచీ నీడ ఇంతకంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే సెల్లులు గొలుసులాగా కలిసి ఉంటాయి, ఒకటి చీకట్లో ఉంటే ఆ వరస మొత్తం కుంటుపడుతుంది.

అన్నిటికంటే చిక్కు, పలకను నేరుగా డ్రోన్ ఛార్జర్‌కు తగిలించినప్పుడు వస్తుంది. మేఘం అడ్డం రాగానే పలక శక్తి క్షణంలో నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది, ఛార్జర్ అడిగినంత కరెంటు ఇవ్వలేక వోల్టేజి కూలుతుంది, ఛార్జర్ ఆగిపోతుంది. మేఘం తొలగాక కొన్ని ఛార్జర్లు తమంతట తామే మొదలవుతాయి, కొన్ని మనం వచ్చి బటన్ నొక్కేదాకా అలాగే ఉంటాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన ఆకాశంలో ఇది పది నిమిషాలకోసారి జరుగుతుంది. అందుకని పలకకూ డ్రోన్‌కూ మధ్య ఒక నిల్వ పెట్టె ఉండి తీరాలి. పలక ఇచ్చినంత ఇస్తుంది, ఆ హెచ్చుతగ్గులను ఎంపీపీటీ నియంత్రిక (పలక నుంచి ఎప్పటికప్పుడు వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టే పరికరం) సర్దుకుంటూ పెట్టెను నింపుతుంది, పెట్టె నుంచి ఛార్జర్‌కు నిలకడగా పారుతుంది. ఒక్క పూట పనికి ఇంత సరంజామా దండగ. పెట్టెను ఇంట్లోనే నింపుకుని పోవచ్చు. అడవి అంచున మూడు నాలుగు రోజులు మకాం వేసే జట్లకైతే పలక నిజంగా అన్నం పెడుతుంది.

మందు చల్లే డ్రోన్ల సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పినదంతా వందల వాట్-అవర్ల లెక్క. వ్యవసాయ డ్రోన్ల దగ్గరికి వచ్చేసరికి అది యూనిట్లలోకి మారుతుంది. స్వయం సహాయక బృందాల మహిళల కోసం కేంద్రం తెచ్చిన నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్‌తోపాటు ఒక బ్యాటరీ సెట్టు, అదనంగా మరో నాలుగు సెట్లు, రెండు దారుల వేగవంతమైన ఛార్జర్లు, ఛార్జింగ్ హబ్బులు ఇస్తారు; రోజుకు 20 ఎకరాల దాకా చల్లవచ్చన్నది అంచనా. ఇంటి నుంచి నింపిన బ్యాటరీలు ఎక్కువగా తీసుకుపోవడమే మొదటి పరిష్కారమని ఆ ప్యాకేజీ కూర్చినవారికీ అనిపించిందన్నమాట. ఐదు సెట్లు ఐదెకరాలకు సరిపోతాయనుకుంటే మిగిలిన పదిహేను ఎకరాలకు పదిహేనుసార్లు నింపాలి. సెట్టుకు 600 వాట్-అవర్ల చొప్పున తొమ్మిది యూనిట్లు. దాన్ని ఐదు గంటల్లో ఎక్కించాలంటే ఛార్జర్ నష్టాలతో కలిపి సగటున రెండు కిలోవాట్లు నిరంతరం కావాలి. ఇది పెట్టెల పని కాదు, పెట్రోలు జనరేటర్ పని. రెండు కేవీఏ అని రాసి ఉన్నవి నిలకడగా ఇచ్చేది అంతకంటే తక్కువ. పైగా కోలారు, బెంగళూరు పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక, పలుచని గాలిలో ఇంజను శక్తి మరో పది శాతం తగ్గుతుంది. మూడు కేవీఏది పెట్టుకుని, ఆరేడు లీటర్ల పెట్రోలు ఉంచుకోవాలి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాన పడుతోందని వ్యాన్ లోపల పెట్టి నడపడం ప్రాణాలతో ఆట.

చేను పక్కనే మోటారు షెడ్డు ఉండగా ఇదంతా దేనికని రైతులు అడుగుతారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కాని పంపుసెట్ల లైను మూడు ఫేజులది, రోజులో కొన్ని గంటలే వస్తుంది, వచ్చినప్పుడు వోల్టేజి ఊగిసలాడుతుంది. స్టార్టరు డబ్బా నుంచి ఒక ఫేజును తాత్కాలికంగా లాగిన తీగ కింద తడి మట్టిలో నిలబడి ఎవరూ పనిచేయకూడదు. ఇక స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించడమంటే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం దొంగతనం. రైతు ఇంటి ప్లగ్గు అడిగి, వాడిన యూనిట్లకు డబ్బిచ్చి, బ్యాటరీలను మోటారు సైకిలు మీద అటూ ఇటూ చేరవేయడం చాలా ఊళ్లలో సాధ్యమే.

వేడి

కరెంటు దొరికాక కూడా పని ఆగేది ఎక్కువగా వేడి వల్లే. చాలా డ్రోన్ బ్యాటరీలకు ఛార్జింగ్ సమయంలో ఉండవలసిన వేడి 5 నుంచి 40 డిగ్రీల మధ్య. ఎగిరి దిగిన బ్యాటరీ అరచేతిలో పట్టుకుంటే చుర్రుమంటుంది, 45 డిగ్రీలు దాటి ఉంటుంది. చిప్పు ఉన్న బ్యాటరీ ఆ స్థితిలో లైట్లు మిణకరించి ఛార్జింగ్‌కు మొండికేస్తుంది, ఛార్జర్ పాడైందని మనం అనుకుంటాం. చిప్పు లేని విడి ప్యాకు మొండికేయదు, మర్యాదగా పుచ్చుకుని లోపల దెబ్బతింటుంది, కొన్నాళ్లకు ఉబ్బుతుంది. సోలార్ పార్కుల్లో థర్మల్ తనిఖీకి ఇంకో ఇబ్బంది: పలకల్లోని లోపాలు వేడి తేడాగా కనిపించాలంటే చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ ఉండాలని ప్రమాణం చెబుతుంది, అంటే బ్యాటరీలు అత్యంత కష్టపడే వేళలోనే ఎగరక తప్పదు.

నీడే దీనికి మందు. పావగడ దారుల పక్కన కానుగ చెట్ల నీడ చిక్కగా ఉంటుంది. దిగిన బ్యాటరీని డ్రోన్ నుంచి వెంటనే తీసి, ఆ నీడలో గాలి తగిలేలా ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. కారు ఏసీ గాలి ముందు పెడితే ఇంకా త్వరగా చల్లబడుతుంది. తడి గుడ్డ చుట్టడం, ఐస్ డబ్బాలో పెట్టడం మంచిది కాదు, కాంటాక్టుల్లో తేమ చేరుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో వేడి 60 డిగ్రీలకు పోతుంది. ఛార్జింగ్ పెట్టెను అందులో వదిలి భోజనానికి వెళ్లడం నిప్పుతో చెలగాటం. ఎండుగడ్డి మీద కాకుండా బండ మీదో మట్టి మీదో పెట్టి, పక్కన ఒక బకెట్టు ఇసుక, వీలైతే పుష్కలంగా నీళ్లు ఉంచుకోవాలి. మండుతున్న లిథియం అయాన్ బ్యాటరీని చల్లార్చడానికి నీళ్లు పనికొస్తాయి, కాని పొగ పీల్చకుండా, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో ఆ వైపున నిలబడాలి.

ఒక మామూలు సర్వే రోజును వేసి చూద్దాం. 77 వాట్-అవర్ల బ్యాటరీలు మూడు, ఎగరాల్సినవి ఆరుసార్లు, ప్రతిసారీ 60 వాట్-అవర్ల ఖర్చు. మొదటి మూడుసార్లు ఇంటి కరెంటు మీదే ఎగురుతుంది. లోటు 180 వాట్-అవర్లు, నేరుగా డైరెక్ట్ కరెంటు ఛార్జర్‌తో అయితే నిల్వలోంచి 200 తీయాలి, ఐదు వందల పెట్టె సగం కూడా ఖాళీ కాదు. ఉదయం ఏడింటికి మొదలుపెడితే 8.50కి మూడో బ్యాటరీ దిగుతుంది. మొదటిది చల్లబడి 7.50కి ఛార్జింగ్‌కు వెళ్తే 9.05కి సిద్ధం; ఒకే ఛార్జర్ ఉంటే రెండోది 10.20కి, మూడోది 11.35కి. రెండు ఛార్జర్లుంటే మూడోది 10.25కే వస్తుంది, పదకొండుకల్లా సామాను సర్దుకోవచ్చు. అంటే ఇక్కడ కొనవలసింది ఇంకా పెద్ద పెట్టె కాదు, రెండో ఛార్జర్. మరో రెండు బ్యాటరీలు ఉంటే ఒక్కదాన్నే నింపితే సరిపోతుంది, అది కూడా కారులో ఇంకో గట్టుకు పోయేలోపు.

డ్రోన్ చివరిసారి దిగాక ఛార్జర్లను తీసేయాలి. తిరుగు దారిలో కారు సాకెట్టు ఖాళీగా ఉంది కదా అని అన్నిటినీ వందకు నింపి, వారం రోజులు అల్మారాలో పెట్టేవారు చాలామంది. నిండుగా ఉన్న లిథియం సెల్లు వేడి గదిలో త్వరగా ముసలిదవుతుంది. సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర, అంటే సగానికి కాస్త అటూ ఇటూగా ఉంచి భద్రపరిచి, మళ్లీ బయలుదేరే ముందు రాత్రి ఇంటి ప్లగ్గులోనే నింపుకోవాలి.